యాంప్లిఫయర్‌కి కండిషనర్ కాదు, ముందు ఎర్త్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ఇంటికి యాంప్లిఫయరో హోం థియేటరో కొనబోతే ఈమధ్య బిల్లులో రెండో పద్దు ఒకటి చేరుతోంది. దాని పేరు పవర్ కండిషనర్. "మన కరెంటు సంగతి తెలిసిందే కదండీ, ఇది లేకపోతే బోర్డు పోతుంది, పైగా దీనితో సౌండు కూడా శుభ్రపడుతుంది" అంటారు దుకాణంలో. మన కరెంటు సంగతి నిజంగానే తెలిసిందే కాబట్టి కొనేవాళ్లు మారు మాట్లాడరు. యాంప్లిఫయర్లు విప్పి బాగుచేసే పనిలో ఉన్నవాళ్లం కనుక, ఆ డబ్బా ఏం చేస్తుందో, ఏం చేయలేదో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం.

జవాబు ముందే చెప్పేస్తాం. పవర్ యాంప్లిఫయర్ ప్లగ్గు నేరుగా గోడ సాకెట్లోనే పెట్టాలి. టీవీ, సెట్‌టాప్ బాక్సు, సీడీ ప్లేయర్ లాంటి చిన్న సరుకుని కండిషనర్‌కి పెట్టుకుంటే నష్టం లేదు. లాభం కూడా చాలా ఇళ్లలో లేదు. మన రెండు జిల్లాల్లో యాంప్లిఫయర్లను చంపేవి వేరే ఉన్నాయి. న్యూట్రల్ తెగడం, పిడుగు, ఎక్కువ వోల్టేజి, చచ్చిపోయిన ఎర్త్. వీటిలో ఏ ఒక్కదానికీ ఆ డబ్బా సరైన మందు కాదు.

అసలు ఆ పేరు మీద ఏం అమ్ముతున్నారో చూడాలి. ఒకచోట అది స్పైక్ బస్టరే, డబ్బా మాత్రం ఇనుముది. ఇంకోచోట లోపల రెండు కాయిల్స్, నాలుగు కెపాసిటర్లు ఉన్న ఫిల్టర్. మరోచోట ముందు అంకెలు వెలిగే రిలే స్టెబిలైజర్. స్పైక్ బస్టర్ ఉన్నది సెకనులో లక్షో వంతు ఉండే వోల్టేజి ఉప్పెనను మింగడానికి. ఫిల్టర్ ఉన్నది రేడియో తరంగాల్లాంటి చిన్న గరగరను ఆపడానికి. స్టెబిలైజర్ ఉన్నది వోల్టేజి ఎత్తుపల్లాలు సరిచేయడానికి. ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు. మూడింటికీ ఒకే పేరు తగిలించి అమ్ముతుంటే కొనేవాళ్లు అడగాల్సింది ఒకటే ప్రశ్న: లోపల ఏముంది? దుకాణంలో జవాబు రాకపోతే కొనకండి.

గోడకే పెట్టమని ఎందుకు అంటున్నామో చెప్పాలంటే యాంప్లిఫయర్ కరెంటు తాగే తీరు తెలియాలి. మామూలు యాంప్లిఫయర్లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, దాని తర్వాత నాలుగు డయోడ్ల బ్రిడ్జి, ఆపైన 10,000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్లు జత ఉంటాయి. కెపాసిటర్‌ని పెరట్లో గోలెం అనుకోండి. స్పీకర్‌కి కావలసిన నీళ్లు గోలెం నుంచి నిరంతరం పోతూ ఉంటాయి. గోలెం నిండేది మాత్రం నిరంతరం కాదు. లైన్లో వోల్టేజి శిఖరానికి చేరిన ఆ కాసేపే నిండుతుంది. మన 50 హెర్ట్జ్ సరఫరాలో అలాంటి శిఖరాలు సెకనుకు 100. అంటే ప్రతి 10 మిల్లీ సెకన్లకొకసారి, అందులోనూ రెండు మూడు మిల్లీ సెకన్లపాటు మాత్రమే, యాంప్లిఫయర్ గుటక వేస్తుంది. మీటరు 2 ఆంప్స్ చూపిస్తున్నప్పుడు ఆ గుటకలో ప్రవహించేది 5, 6 ఆంప్స్ దాకా ఉంటుంది.

ఈ గుటకకు అడ్డంగా ఏది పెట్టినా నష్టమే. ఫిల్టర్‌లోని కాయిల్, చిన్న స్టెబిలైజర్‌లోని సన్నని ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు, సన్నని తీగ, వదులు సాకెట్టు అన్నీ ఆ శిఖరం దగ్గరే వోల్టేజిని కోసేస్తాయి. పాటలో మృదంగం మీద బలమైన దెబ్బ పడినప్పుడు గోలెం ఖాళీ అవుతుంది, తిరిగి నిండడం ఆలస్యమవుతుంది. వినేవాడికి అది "పంచ్ తగ్గింది" అనిపిస్తుంది. 8 ఓంల స్పీకర్‌కి 100 వాట్లు ఇవ్వాలంటే శిఖరం దగ్గర 40 వోల్టులు, 5 ఆంప్స్ కావాలి. 4 ఓంల స్పీకర్ అయితే అదే 40 వోల్టులకు 10 ఆంప్స్. ఈ సంగతి కండిషనర్ తయారుచేసేవాళ్లకు తెలియనిది కాదు. కాస్త పేరున్న డబ్బాల వెనక పవర్ యాంప్ కోసం ఫిల్టర్ లేని సాకెట్టు ఒకటి విడిగా ఇస్తారు. అంటే వాళ్ల డబ్బాలో మీ యాంప్లిఫయర్‌కి మంచి చోటు ఏదంటే, ఆ డబ్బా ఏ పనీ చేయని చోటు!

తీగ లెక్క ఇంకా చిత్రం. మెయిన్ బోర్డు నుంచి హాలు దాకా 15 మీటర్లు రెండున్నర స్క్వేరు (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు లాగితే రానూపోనూ 30 మీటర్లకు నిరోధం సుమారు 0.24 ఓం. ఆ చివర ముప్పావు స్క్వేరు వైరుతో వచ్చే 5 మీటర్ల జంక్షన్ బాక్సు ఒకటి తగిలిస్తే, దాని ఒక్కదానికే 0.26 ఓం. గోడ లోపల పెట్టిన ఖర్చంతా ఆ అయిదు మీటర్ల తీగ మింగేస్తుంది. కాబట్టి మొదటి పని: యాంప్లిఫయర్‌కి మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక లైను. రెండున్నర స్క్వేరు రాగి వైరు మూడు, అంటే ఫేజు, న్యూట్రల్, ఎర్త్. చివర 16 ఆంప్స్ సాకెట్టు. బోర్డులో 16 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చి), అదీ సీ రకం. బీ రకం ఎంసీబీ దాని రేటింగ్‌కి మూడు నుంచి అయిదు రెట్లకే పడిపోతుంది. గుండ్రటి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్లిఫయర్ స్విచ్చి వేసిన క్షణంలో అంతకు మించి లాగుతుంది. సీ రకం అలా పడిపోవాలంటే అయిదు నుంచి పది రెట్లు కావాలి. స్విచ్చి వేసినప్పుడల్లా ఎంసీబీ పడిపోతోందని యాంప్లిఫయర్‌ని రిపేరుకు తెచ్చేవాళ్లలో కొందరికి మార్చాల్సింది ఆ ఎంసీబీనే.

ఇక తక్కువ వోల్టేజి. జనం దీనికి పడే భయం దాని స్థాయికి మించినది. 230కి బదులు 190 వోల్టులే వస్తే మామూలు యాంప్లిఫయర్ లోపలి వోల్టేజి కూడా అదే పాళ్లలో తగ్గుతుంది. పవర్ దాని వర్గం చొప్పున తగ్గుతుంది కనుక 100 వాట్లది 68 వాట్లవుతుంది. వినడానికి పెద్ద లోటు అనిపిస్తుంది గానీ డెసిబెల్స్‌లో అది రెండు కూడా కాదు. వాల్యూమ్ చివరంటా తిప్పేవాళ్లకు తప్ప తేడా తెలియదు. 170 కిందికి దిగితే కథ మారుతుంది. ప్రీ యాంప్ బోర్డుకి (చిన్న సంకేతాన్ని ముందుగా పెంచే భాగానికి) 15 వోల్టులు ఇచ్చే 7815, 7915 ఐసీలకు తమ పైన కనీసం రెండు వోల్టుల మిగులు ఉండాలి. అది లేకపోతే సన్నగా గుయ్‌మనే మోత మొదలవుతుంది, స్పీకర్ రిలే టిక్కుటిక్కుమని కొట్టుకుంటుంది. అది యాంప్లిఫయర్ జబ్బు కాదు. వోల్టేజి పెరగ్గానే పోతుంది.

ఎక్కువ వోల్టేజి ఇంతకంటే ప్రమాదం. వీధి ట్రాన్స్‌ఫార్మర్లు 11 కేవీని, అంటే 11,000 వోల్టులను, 433 వోల్టులకు దించుతాయి. ఒక ఫేజుకు లెక్కేస్తే 250. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆనుకుని ఉన్న ఇంట్లో అర్ధరాత్రి, ఊరంతా నిద్రపోయాక, 250 కనబడడం అందుకే. 230 దగ్గర 45 వోల్టులు ఉండే యాంప్లిఫయర్ లోపలి లైను 250 దగ్గర 49 అవుతుంది, 265 దగ్గర 51 దాటుతుంది. చవక యాంప్లిఫయర్లలో ఆ చోట 50 వోల్టుల కెపాసిటర్లే వేస్తున్నారు. అవి ఉబ్బుతాయి, కారతాయి, ఒక రాత్రి టప్పుమంటాయి. కెపాసిటర్ మార్చించేటప్పుడు 63 వోల్టులది వేయమనండి. ఖర్చులో తేడా స్వల్పం. మైక్రోఫారడ్‌లు మాత్రం కంపెనీ వేసినన్నే ఉండనివ్వండి. "డబుల్ చేస్తే బాస్ బాగుంటుంది" అనే మాట వినకండి. స్విచ్చి వేసినప్పుడు బ్రిడ్జి మీద, ఫ్యూజు మీద భారం పెరుగుతుంది, అంతే.

అసలు శత్రువు న్యూట్రల్. స్తంభం నుంచి వచ్చే నాలుగు తీగల్లో న్యూట్రల్ ఒక్కటి తెగినా, దాని జంపరు (స్తంభం మీద తీగలను కలిపే ముక్క) వదులైనా, వేర్వేరు ఫేజుల మీదున్న రెండిళ్లు 400 వోల్టుల మధ్య ఒకదాని వెనక ఒకటి వరసకట్టినట్టు అవుతాయి. ఒకింట్లో 2,000 వాట్ల గీజరు నడుస్తోంది, పక్కింట్లో టీవీ, యాంప్లిఫయర్ కలిపి 200 వాట్లు అనుకోండి. ఆ 400లో గీజరు ఇంటికి 36 వోల్టులు, పాట వింటున్న ఇంటికి 364 వోల్టులు పంచుకుంటాయి. తక్కువ వాడుతున్న ఇంటికే ఎక్కువ దెబ్బ. న్యాయం కాదు గానీ లెక్క అదే.

ఇప్పుడు స్పైక్ బస్టర్ సంగతి చూడండి. అందులో ఉండే నీలం బిళ్ల పేరు ఎంఓవీ. మన సరఫరాకు వేసేది సాధారణంగా 275 వోల్టులది. అది 430 వోల్టుల దగ్గర నుంచి కరెంటును తనలోంచి పోనిస్తుంది. 364 వోల్టుల సరఫరాకు శిఖరం 515. అంటే సెకనుకు వందసార్లు ఆ బిళ్ల కాలుతుంది. సెకనులో లక్షో వంతు ఉండే ఉప్పెన కోసం చేసిన వస్తువు నిమిషాల తరబడి మంట మింగలేదు. ఎర్రబడి, పగిలి, ఒక్కోసారి ప్లాస్టిక్ డబ్బాను అంటిస్తుంది. కాపాడాల్సిన వస్తువే నిప్పు పెట్టే వస్తువవుతుంది. లోపల వేడికి తెగే ఫ్యూజు లేని స్పైక్ బస్టర్‌ని టీవీ బల్ల వెనక, కర్టెన్ల దగ్గర అసలు పెట్టకండి.

దీనికి మందు వోల్టేజి ప్రొటెక్టర్. మెయిన్ బోర్డులో ఎంసీబీల పక్కన అదే పట్టీ మీద కూర్చునే చిన్న పెట్టె, ముందు వోల్టులు కనబడే అంకెలుంటాయి. ఎక్కువ హద్దు 265, తక్కువ హద్దు 170, తిరిగి కలిపే ఆలస్యం 120 సెకన్లు అని సెట్ చేసుకోవాలి. హద్దు దాటగానే ఫేజుతో పాటు న్యూట్రల్‌ని కూడా విడదీసే రకం తీసుకుంటే మంచిది. ఇల్లంతటికీ ఒకటి పెడితే 40 లేదా 63 ఆంప్స్‌ది, ఒక్క యాంప్లిఫయర్ లైనుకే అయితే చిన్నది చాలు. ఇది సౌండును శుభ్రపరచదు, ఏ వోల్టేజినీ సరిచేయదు. తలుపు మూస్తుంది, అంతే. కండిషనర్‌కి అడిగే సొమ్ములో చిన్న వంతుకే వస్తుంది. దుకాణాల్లో దీన్ని ముందు చూపించకపోవడానికి కారణం అదేనేమో.

మన జిల్లాలకు ఇది ఎందుకు మరీ అవసరమో తుఫాన్లు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తిత్లీ, 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర గులాబ్. స్తంభాలు కూలి, లైన్లు మళ్లీ కట్టి, రోజుల తర్వాత కరెంటు వచ్చిన మొదటి గంటలే ఎలక్ట్రానిక్ సరుకుకు గండం. హడావుడిగా కట్టిన లైన్లో న్యూట్రల్ జంపరు సరిగా బిగియకపోవచ్చు, ఫేజులు తారుమారు కావచ్చు. కరెంటు పోగానే యాంప్లిఫయర్ స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసేయండి. పాత యాంప్లిఫయర్లకు నొక్కితే లోపలే ఉండిపోయే స్విచ్చి ఉంటుంది. కరెంటు రాగానే అది తనంతట తానే మేల్కొంటుంది. వచ్చాక ముందు ఒక బల్బు వేసి చూడండి. కొన్ని గదుల్లో బల్బులు మండిపోతూ కొన్ని గుడ్డిగా ఉంటే, లేదా ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు బల్బు కాంతి పెరుగుతుంటే అది న్యూట్రల్ తెగిన గుర్తు. వెంటనే మెయిన్ ఆపి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోను చేయాలి. లైన్‌మన్ వచ్చేదాకా ఆ ఇంట్లో దేన్నీ వెలిగించకూడదు.

పిడుగుకి ప్రొటెక్టర్ చాలదు. దాని రిలే విడివడేలోపే పిడుగు పని ముగించుకుంటుంది. మెయిన్ బోర్డులో టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్ (ఉప్పెనను ఎర్త్‌లోకి మళ్లించే పెట్టె) వేయించుకుంటే చాలావరకు నయం, అయితే దాని తీగలు ఫేజు వైపు, ఎర్త్ వైపు కలిపి అర మీటరు మించకూడదు. పిడుగు కరెంటు వేగానికి ఒక్కో మీటరు తీగ మీద వెయ్యి వోల్టుల దాకా పడుతుంది కనుక పొడుగు తీగ పెట్టి బిగించిన సర్జ్ ప్రొటెక్టర్ అలంకారానికే. వేసవిలో మబ్బు పట్టి ఉరుములు మొదలైతే ప్లగ్గు లాగేయడం అన్నిటికన్నా చవకైన మార్గం. లాగేటప్పుడు కేబుల్ టీవీ తీగ, డిష్ తీగ కూడా విప్పాలి. ఇంట్లోకి పిడుగు వచ్చే దారి కరెంటు తీగ ఒక్కటే కాదు.

ఇప్పుడు ఎర్త్. ఈ ఉత్తరంలో ముఖ్యమైన ముక్క ఇదే. ఫిల్టర్ ఉన్న కండిషనర్‌లో ఫేజు నుంచి ఎర్త్‌కి ఒకటి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. 4.7 నానోఫారడ్‌ల కెపాసిటర్ గుండా నిత్యం మూడో వంతు మిల్లీ ఆంపియర్ ఎర్త్‌లోకి పోతూ ఉంటుంది. ఎర్త్ బాగుంటే ఆ కరెంటు నేలలోకి దిగిపోతుంది, ఎవరికీ తెలియదు. ఎర్త్ చచ్చిపోయిన ఇంట్లో ఆ రెండు కెపాసిటర్ల మధ్య బిందువు, అంటే డబ్బా ఇనుప ఒళ్లు, దానికి తగిలించిన ప్రతి యాంప్లిఫయర్ ఒళ్లు, సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతుంది. వెనక పిన్ను మారుస్తుంటే వేళ్లు జివ్వుమనడం అదే. ప్రాణం తీసేంత కరెంటు కాదు గానీ, ఆ స్థితిలో ఆడియో పిన్ను పెట్టినా తీసినా ప్రీ యాంప్ ఐసీ పోవచ్చు. అంటే ఎర్త్ లేని ఇంట్లో కండిషనర్ పెట్టడం కంటే పెట్టకపోవడమే మేలు.

సోంపేట, కవిటి నుంచి కళింగపట్నం మీదుగా భోగాపురం దాకా తీరం వెంబడి ఇసుక నేలలు. ఎండాకాలంలో పైపొర పూర్తిగా ఆరిపోయి ఎర్త్ పని చేయదు. ఉప్పుగాలికి పైపు మీది క్లాంపు, బోల్టు తుప్పుపట్టి, తీగ తగిలినట్టే ఉండి తగలకుండా పోతుంది. గోతిలో ఉప్పు, బొగ్గు పోసి ఏడాదికోసారి చూడడం మరిచిపోతే అదే ఉప్పు పైపును తినేస్తుంది. ఎర్త్ పైపు 40 మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్ ఇనుముది, రెండున్నర నుంచి మూడు మీటర్ల పొడుగు ఉండాలి. అడుగడుగున్నర గొట్టం పాతి "ఎర్త్ వేశాం" అనిపించుకోవడం అలవాటైపోయింది. ఇసుక నేలలో ఒక పైపు చాలకపోతే రెండోది కనీసం మొదటిదాని పొడుగంత దూరంలో పాతి రెండూ కలపాలి. పక్కపక్కనే పాతితే ఒకదానితో సమానమే. వేసవిలో వారానికి రెండు బిందెల నీళ్లు పోయండి. బాత్‌రూం నీళ్లు పోయే దారిలో గొయ్యి ఉంటే అదీ అక్కర్లేదు. క్లాంపు బోల్టు ఏడాదికోసారి విప్పి, గీకి, వాజలీను పూసి బిగిస్తే సరి.

ఎర్త్ బతికి ఉందో లేదో చూడడానికి స్క్రూడ్రైవర్ టెస్టర్ పనికిరాదు, మల్టీమీటరు ఒక్కటే కూడా మోసం చేస్తుంది. ఫేజు, ఎర్త్ మధ్య మల్టీమీటరు 220 చూపిస్తుంది, ఆ ఎర్త్ మాత్రం ఒక మిల్లీ ఆంపియర్ కూడా మోయలేదు. ఎలక్ట్రీషియన్ ఫేజు, ఎర్త్ మధ్య 100 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టి చూస్తాడు. మామూలుగా వెలిగితే ఎర్త్ ఉన్నట్టు. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే పడిపోయే స్విచ్చి) ఉన్న ఇంట్లో బల్బు వెలగకుండా ఆర్‌సీసీబీ పడిపోతే ఎర్త్ కరెంటును తీసుకుంటోందనే అర్థం. ఈ పరీక్ష ఇంటివాళ్లు సొంతంగా చేయకండి. ఎర్త్ చచ్చిపోయి ఉంటే ఆ కాసేపు ఇంట్లో ఎర్త్ తీగకు కలిసిన ఫ్రిజ్, గీజరు, గ్రైండరు ఒళ్లన్నిటికీ కరెంటు వస్తుంది. ముందు వాటి ప్లగ్గులు తీయించి, గీజరు లాంటివాటిని ఎవరూ ముట్టకుండా చూసి, అప్పుడే చేయాలి. వీలైతే ఎర్త్ టెస్టరు అనే మీటరుతో ఎర్త్ నిరోధం ఎన్ని ఓంలో కొలిపించండి. 5 ఓంల లోపు వస్తే ఇంటికి నిశ్చింత.

"మరి హమ్ము, అంటే స్పీకర్లో గుయ్‌మనే మోత, సంగతేమిటి? కండిషనర్ పెడితే హమ్ము పోతుందన్నారు" అని అడుగుతారు. 1919లో సంగీత కళాశాల వెలసిన ఊరు విజయనగరం. ద్వారం వెంకటస్వామి నాయుడు ప్రిన్సిపాల్‌గా ఉన్న, ఘంటసాల చదువుకున్న చోటు. అలాంటి ఊళ్లో ఆలాపన మధ్య నిశ్శబ్దంలో గుయ్‌మనే మోతను తంబూరా అనుకుని సర్దుకోనక్కర్లేదు. హమ్ము చాలావరకు లైన్లోంచి రాదు, తీగల కలయికలోంచి వస్తుంది. కేబుల్ టీవీ తీగ పైపొర వీధిలో ఎక్కడో ఎర్త్ అయి ఉంటుంది, యాంప్లిఫయర్ మన ఇంటి ఎర్త్‌కి కలిసి ఉంటుంది. ఆ రెండు ఎర్త్‌ల మధ్య తేడా ఆడియో తీగ గుండా ప్రవహించి స్పీకర్లో హమ్ముగా వినబడుతుంది. కనిపెట్టడం తేలిక. యాంప్లిఫయర్ వెనక అన్ని పిన్నులూ తీసి వినండి. మోత పోతే యాంప్లిఫయర్ మంచిదే. ఒక్కొక్కటే తగిలిస్తూ రండి, ఏది పెట్టగానే మోత వస్తుందో అదే దొంగ. టీవీ అయితే, యాంప్లిఫయర్‌కి ఆప్టికల్ తీగతో కలపండి. అందులో పోయేది వెలుతురే కనుక ఎర్త్ కలవదు. లేదంటే కేబుల్ తీగకు, ఎర్త్ కలవకుండా విడదీసే ఐసోలేటర్ బిగించండి. ఏ పిన్నూ లేకుండానే మోత వస్తుంటే లోపలి కెపాసిటర్లు ముసలివైనట్టు, అప్పుడు రిపేరుకివ్వాలి. స్పీకర్లోంచి కాక డబ్బాలోంచే ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంటే అది ఇంకో జబ్బు. సగం వేడి మీద నడిచే హెయిర్ డ్రయర్ లాంటివి లైన్లో కాస్త డీసీ కలిపితే గుండ్రటి ట్రాన్స్‌ఫార్మర్లు అలా మోగుతాయి. మామూలు ఫిల్టర్ దాన్నీ ఆపదు.

హమ్ము పోవాలని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేవాళ్లున్నారు, మూడు పిన్నులది రెండు పిన్నుల్లో పెట్టే అడాప్టరు వాడేవాళ్లున్నారు. మోత పోతుంది నిజమే. లోపల ఫేజు తీగ ఎప్పుడైనా ఒంటికి తగిలితే మనిషి కూడా పోతాడు.

ఇంకో చిన్న జాగ్రత్త. యాంప్లిఫయర్ గోడకి, మిగతావి కండిషనర్‌కి పెట్టినా రెండూ ఒకే బోర్డు దగ్గర, ఒకే ఫేజు మీద ఉండాలి. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇళ్లలో హాలు ఒక గోడ ఒక ఫేజు, ఎదుటి గోడ ఇంకో ఫేజు అయి ఉంటుంది. వేరే వేరే గోడల నుంచి తీసుకుంటే హమ్ముని కోరి తెచ్చుకున్నట్టే.

స్టెబిలైజర్ అసలు అక్కర్లేదని కాదు. కొనేముందు ఒక వారం కొలవండి. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం, రాత్రి ఏడున్నరకి, పదకొండింటికి, మెయిన్ బోర్డు దగ్గర ఒకసారి, యాంప్లిఫయర్ సాకెట్టు దగ్గర ఒకసారి. కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు అమల్లో లేని 1956 నాటి విద్యుత్ నియమాల్లో 54వది దిగువ వోల్టేజిలో 6 శాతం మించి తేడా ఉండకూడదంది. 230కి ఆ లెక్క 216 నుంచి 244. యాంప్లిఫయర్ అంత సుకుమారం కాదు, 205 నుంచి 250 దాకా ఏమీ అనుకోదు. మెయిన్ బోర్డు దగ్గర 220 ఉండి సాకెట్టు దగ్గర 200 ఉంటే జబ్బు మీ ఇంట్లోనే ఉంది. వదులు స్క్రూ, మాడిన సాకెట్టు, పాత సన్నని వైరు. అక్కడ స్టెబిలైజర్ పెడితే వోల్టేజి సరిపోతుంది, లోపల వైరు కాలుతూనే ఉంటుంది. మెయిన్ బోర్డు దగ్గరే రోజూ 190 కిందో 255 పైనో ఉంటే ముందు 1912కి చెప్పండి. జంపరు బిగించడంతోనో, మీ ఇంటిని భారం తక్కువున్న ఫేజు మీదికి మార్చడంతోనో చాలాసార్లు సర్దుకుంటుంది. అదీ కాకపోతే సర్వో స్టెబిలైజర్ (మోటారుతో, మెట్లు లేకుండా వోల్టేజి సరిచేసేది) తీసుకోండి. యాంప్లిఫయర్ వెనక రాసి ఉన్న వాట్లకు కనీసం రెట్టింపు. 400 వాట్లది అయితే 1 కేవీఏ, అయిదు స్పీకర్ల 700 వాట్ల రిసీవరు అయితే 2 కేవీఏ. 160 వోల్టుల దగ్గర 1 కేవీఏ ఇవ్వాలంటే స్టెబిలైజర్ తాను ఆరుంపావు ఆంప్స్ లాగుతుంది కనుక దాని ప్లగ్గు కూడా 16 ఆంప్స్ సాకెట్లోనే. లోపలి కార్బన్ బ్రష్ అరిగే వస్తువు, ఏడాదికోసారి చూపించాలి. రిలే స్టెబిలైజర్లు 15, 20 వోల్టుల మెట్లుగా మారుస్తాయి. సాయంత్రం వోల్టేజి ఊగుతున్నంతసేపూ టిక్కు టిక్కుమంటూ, ప్రతి టిక్కుకీ స్పీకర్లో ఒక చిటుకు వినిపిస్తాయి. ఫ్రిజ్‌కి చాలు, పాటకి వద్దు. ఒకప్పుడు కంప్యూటర్లకు పెట్టిన సీవీటీలు (వోల్టేజిని ఒకేలా ఉంచే ట్రాన్స్‌ఫార్మర్లు) సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. వాటి తరంగం తల చదును, భారం పెరిగితే చతికిలపడతాయి. అవీ వద్దు.

ఇన్వర్టర్ మీద పాట వినేవాళ్లకు ఒక మాట. చవక ఇన్వర్టర్ ఇచ్చేది చదరపు తరంగం. మామూలు 230 వోల్టుల తరంగానికి శిఖరం 325 అయితే దీని శిఖరం 230 దగ్గరే ఆగుతుంది. గోలెం నిండేది శిఖరం దగ్గరే కనుక 50 వోల్టులుండాల్సిన లోపలి లైను 35కి దిగుతుంది, పవర్ సగమవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది. ప్యూర్ సైన్ వేవ్ రకమైతే ఇబ్బంది లేదు. కరెంటు ఉన్నంతసేపూ ఇన్వర్టర్ వోల్టేజిని సరిచేస్తుందనుకోవడం పొరపాటు. వచ్చినదాన్ని వచ్చినట్టే పంపుతుంది.

ఏదైనా కొనేముందు యాంప్లిఫయర్ వెనక స్టిక్కరు చదవండి. "100–240 వోల్టులు" అని ఉంటే లోపల స్విచ్చింగ్ సప్లై, అంటే వచ్చిన వోల్టేజికి తానే సర్దుకునే సప్లై, ఉంది. సౌండ్ బార్లు, కొత్త క్లాస్ డీ యాంప్లిఫయర్లు చాలావరకు ఈ రకమే. 150 వోల్టులకు కూడా అవి పూర్తి పవర్ ఇస్తాయి. వాటికి ఏ స్టెబిలైజరూ అక్కర్లేదు, వోల్టేజి ప్రొటెక్టర్ ఒక్కటి చాలు. "220–240" అని మాత్రమే ఉంటే పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన "120 వోల్టులు, 60 హెర్ట్జ్" యాంప్లిఫయర్‌కి వోల్టేజి దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మన 50 హెర్ట్జ్‌కి దాని ఇనుములో అయస్కాంత భారం 20 శాతం పెరుగుతుంది. 120కి బదులు 105, 110 ఇస్తే చల్లగా ఉంటుంది.

ఇప్పటికే కండిషనర్ కొన్నవాళ్లు పారేయక్కర్లేదు. టీవీకి, సెట్‌టాప్ బాక్సుకి, రూటర్‌కి వాడుకోండి. దాని మీద "ప్రొటెక్టెడ్" అని వెలిగే చిన్న దీపం ఉంటే నెలకోసారి చూడండి. ఆరిపోయిందంటే లోపలి ఎంఓవీ పోయింది, అది ఇక ఉత్త జంక్షన్ బాక్సే.

ఇట్లు,
ఆడియో మరమ్మతు పనివారు,
విజయనగరం